బాలామణి బుట్టల బండి

జగ్గయ్యపేట కూరగాయల మార్కెట్లో పొద్దున్నే ఒక చప్పుడు వినపడుతుంది. కీచుకీచుమంటూ, మధ్యలో గతుకు తగిలితే టక్కుమంటూ. అది వినగానే కొత్తిమీర అమ్మే రత్నమణి వాడిపోయిన కట్టల్ని గబగబా గోనెపట్టా కిందకి తోసేసి, పక్కనున్నామెని మోచేత్తో పొడుస్తుంది. "వస్తంది మహాతల్లి! సర్దుకో." వచ్చేది బాలామణి. ఆ చప్పుడు ఆవిడ బుట్టల బండిది.

బండంటే ఎద్దులు కట్టేదీ కాదు, అరటిపళ్ళు పెట్టుకుని తోసుకెళ్ళేదీ కాదు. నడుమెత్తు ఇనపచట్రం, కింద రెండు చక్రాలు, బుట్టలు పెట్టుకోడానికి అడుగున ఒక రేకు, సంచులు తగిలించుకోడానికి పక్కన కొక్కేలు. పైన పట్టుకునే కడ్డీకి పాత చీర పీలిక చుట్టి ఉంటుంది. ఒక చేత్తో లాక్కుపోవచ్చు. వారానికి సరిపడా కూరలూ, వీధిలో నాలుగిళ్ళవాళ్ళు తెమ్మన్న సామానూ, ఆ పైన ఒక గుమ్మడికాయ కూడా దాని మీదెక్కించి బాలామణి దర్జాగా ఇంటికొచ్చేది.

బాలామణి భర్త కోటిలింగానికి మార్కెట్ వెనక వీధిలో కిరాణా కొట్టుంది. ఆయన ఎంత నిదానమో ఈవిడ అంత గయ్యాళి. గయ్యాళంటే నోటితోనే లెండి. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున వచ్చిన కోపం మధ్యాహ్నం భోజనాల దాకా ఆగదు, అప్పటికప్పుడు కడిగి పారెయ్యాల్సిందే. సాయంత్రానికి అదే మనిషి, తను తిట్టినవాళ్ళింటికి పులిహోర గిన్నె పట్టుకుని బయల్దేరుతుంది. "బాలామణమ్మ తిట్టిందా? అయితే ఇవాళ వంట మానెయ్" అని వీధిలో ఆడవాళ్ళు నవ్వుకుంటారు.

ఆ బండి చేయించి ఇచ్చింది భారతీదేవి. అప్పట్లో పక్కిల్లే వాళ్ళది. ఇద్దరూ కొంచెం ముందూవెనకా ఆ వీధికి కాపురానికొచ్చారు, ఒకళ్ళ పురుటికి ఒకళ్ళు వేణ్ణీళ్ళు కాచారు. ఒక వానాకాలం బాలామణి మార్కెట్ బురదలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన మర్నాడే రెండు చేతులా బుట్టలు మోసుకొస్తుంటే చూసి, భారతీదేవి గేటు దగ్గరే పట్టుకుని చెడామడా చీవాట్లు పెట్టింది. "ఇంకో చెయ్యి కూడా విరిగితే నీకు అన్నం నేనే కలిపి పెట్టాలి, నాకంత తీరిక లేదు." ఆమె భర్త భవానీప్రసాద్‌ది ఇనప సామాన్ల కొట్టు. ఆయన చిల్లకల్లులో వెల్డింగు చేసేవాడి దగ్గర చట్రం చేయించాడు. చక్రాల దగ్గరొచ్చింది చిక్కు. ఎక్కడా సరైన కొలతవి దొరక్క, చివరికి ఇంట్లో మూలపడున్న చిన్న సైకిలువి పీకి బిగించారు. అది సతీష్‌బాబు సైకిలు.

సతీష్‌బాబు భారతీదేవి మరిది. ఆమె కాపురానికొచ్చేసరికి తల్లిలేని పసివాడు, ఇంకా పాలసీసా వదల్లేదు. వదిన చంకెక్కినవాడు మళ్ళీ దిగలేదు. చక్రాలు పీకేనాటికి వాడికి మీసాలొస్తున్నాయి, పెద్ద సైకిలు తొక్కుతున్నాడు. అయినా సరే, వీధంతా వినపడేలా గోలెట్టాడు. "నా సైకిల్ని వంకాయల బండి చేస్తారా? బాలక్కా, నువ్వు నాకు అద్దె కట్టాల్సిందే!"

"ఎంత కట్టమంటావురా?"

"రోజుకో జామకాయ."

అప్పట్నుంచీ బాలామణి మార్కెట్‌కెళ్తే బుట్టలో ఒక దోర జామకాయ తప్పనిసరి. వాడు చదువుకుని, పుణేలో ఉద్యోగం చేసుకుని, ఇద్దరు పిల్లల తండ్రయ్యాక కూడా ఊరొస్తే ముందు బాలక్క ఇంటికొచ్చి బండిలో చెయ్యి పెట్టేవాడు. జామకాయల కాలం కాకపోతే, "అద్దె ఎగ్గొడతావా" అని దెబ్బలాడి కాఫీ తాగి పోయేవాడు.

ఇంక ఆ బండికి ఒక ఆచారం ఉంది. పక్కింటివాళ్ళు గిన్నెలో ఏదైనా పెట్టి పంపిస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదంటారు కదా. కాసిని బియ్యమో, బెల్లంముక్కో, చివరికి చిటికెడు పంచదారైనా వేసి ఇవ్వాలి. బాలామణి దాన్ని బండికీ తగిలించింది. "గిన్నెకో న్యాయం, బండికో న్యాయమా?" అంది. గ్యాసుబండ తెచ్చుకోడానికనీ, మిరపకాయలు మరకి పట్టించుకురావడానికనీ ఆ బండి వీధిలో తిరగని ఇల్లు లేదు. పోయేటప్పుడు వట్టిది, వచ్చేటప్పుడు మాత్రం నాలుగు నిమ్మకాయలో, కరివేపాకు రెబ్బలో. వీరులపాడు నుంచొచ్చిన చుట్టాల కోసం తీసుకెళ్ళినవాళ్ళు ఓసారి సొరకాయ పెట్టి పంపారు. ఒక పిసినారి ఆయన అగ్గిపెట్టె పెట్టాడు. బాలామణి దాన్ని తెరిచి పుల్లలు నిండుగా ఉన్నాయో లేదో చూసి మరీ తీసుకుంది. "ఖాళీగా వచ్చిందంటే మన మొహం చూడ్డం ఇష్టంలేదని అర్థం" అనేది ఆవిడ.

కొన్నేళ్ళ కిందట భవానీప్రసాద్ కొట్టు నందిగామ మార్చాడు. పక్కిల్లు ఖాళీ అయింది. బాలామణి నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత మధ్యాహ్నంపూట ఫోను అలవాటైంది. బెన్ని అని, పేట నుంచి నందిగామ కొట్లకి సామాను చేరేసే ట్రాలీ ఆటో అతనున్నాడు. ఆ ఆటోలో బుట్టల బండి కూడా అటూఇటూ తిరిగేది. ఇట్నుంచి మాగాయ వెళ్తే అట్నుంచి గోంగూర వచ్చేది.

ఇలా ఉండగా ఈ వేసవిలో బాలామణి ఒక్కగానొక్క కూతురు కృష్ణప్రియ పెళ్ళి కుదిరింది.

"సారెలో సున్నుండలు నా చేతివే" అంది భారతీదేవి ఫోన్లో. "నేను చుట్టకపోతే దాని పెళ్ళి పెళ్ళే కాదు."

సతీష్‌బాబు పుణే నుంచి ఫోన్ చేశాడు. "బాలక్కా, సారె బుట్టలు కల్యాణమండపంలోకి నేనే తోసుకొస్తా. నా సైకిలు, నా మేనకోడలు. ఎవడడ్డమొస్తాడో చూస్తా."

మినుములూ, బెల్లం, నెయ్యి డబ్బా బండికెత్తి బాలామణి నందిగామ పంపించింది. పెళ్ళి దగ్గరపడింది. ఇల్లంతా చుట్టాలు, వాకిట్లో పందిరి. ఆ మధ్యాహ్నం బెన్ని ఆటో ఆగితే బాలామణి పరుగున వచ్చింది.

బండి ఖాళీగా ఉంది. సున్నుండలు లేవు. పోనీ మినుములూ లేవు, బెల్లమూ లేదు. ఒక్క తమలపాకైనా లేదు. రేకు తడిగా మెరుస్తోందంతే.

చుట్టాలంతా చూస్తుండగా బాలామణికి తల కొట్టేసినట్టయింది. బెన్నిని ఒక్క ముక్కైనా అడగకుండా, బండిని పెరట్లోకి ఈడ్చి గోడకేసి కొట్టింది. అత్తమీది కోపం దుత్తమీద చూపించడమంటే అదే. అప్పుడే ఫోన్ మోగింది. భారతీదేవి.

"బాలా..." గొంతు బొంగురుగా ఉంది. "ఒంట్లో బాలేదే. పెళ్ళికి రాలేను. మీ సెంటర్లో స్వీటు కొట్టుకి చెప్పా, సున్నుండలు వాళ్ళు పంపిస్తారు. నువ్వేం అనుకోకు."

"అనుకోడానికేముంది? మాట నిలబెట్టుకోలేనిదానివి ఎందుకిచ్చావు? నీ కొట్టు సున్నుండలు ఎవడిక్కావాలి? బండైతే పంపావుగా, మహా సంతోషం. ఖాళీగా!"

"పిల్లని నా బదులు కూడా నువ్వే దీవించు" అంది భారతీదేవి.

"నా పిల్లని దీవించుకోడానికి నీ బదులెందుకు? ఇంక ఫోన్ చెయ్యకు నాకు."

పెళ్ళి జరిగింది. బాగానే జరిగింది. కానీ తలంబ్రాలప్పుడు బాలామణి కళ్ళు మండపం గుమ్మం వైపే. సతీష్‌బాబు కూడా రాలేదు. "చూశారా, ఆ కుర్రాణ్ణి కూడా రానివ్వలేదు మహాతల్లి. వాడికేం పొయ్యేకాలమండీ, ఒక్క ఫోనన్నా చెయ్యకూడదూ?" అని భర్త చెవిలో పళ్ళు నూరింది. కోటిలింగం చేతిలో అక్షింతల పళ్ళెం ఒరిగిపోయింది. ఆయన వంగి గింజలు ఏరుకుంటూ కూర్చున్నాడు, ఎంతకీ లేవడే!

తర్వాత భారతీదేవి రెండుమూడుసార్లు ఫోన్ చేసింది. బాలామణి తియ్యలేదు. అల్లుడూ కూతురూ వచ్చారు, పదహారు రోజుల పండగ చేశారు, కొత్త దంపతులు అత్తారింటికి బయల్దేరారు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. మధ్యాహ్నమయ్యేసరికి చెయ్యి ఫోన్ మీదకి పోయేది. పోయిన చేతిని తనే తిట్టుకునేది. మనసులో ముల్లు దిగితే ఊరుకునే రకమా? పిల్ల వెళ్ళిన మర్నాడే బెన్నికి కబురు పెట్టింది.

"ఈ బండి నందిగామలో ఇచ్చెయ్. ఎవరిది వాళ్ళకి చేరాలి. ఇందులో ఏమీ పెట్టను, ఖాళీగానే తీసుకెళ్ళు. చూడనీ, ఎలా ఉంటుందో."

కోటిలింగం కొట్టు వదిలి వచ్చాడు. "ఇవాళ వద్దులేవే. నాతో ఓ మాట మాట్లాడి తర్వాత పంపిద్దువుగాని."

"మీరు మధ్యలో రాకండి. ముప్ఫయ్యేళ్ళ స్నేహం తెంచుకుంటుంటే నాకు లేదా బాధ? మీకెందుకు?" అని ఆవిడ అటు తిరిగిపోయింది.

బెన్ని బండిని ఆటోలోకెత్తి తాడు కడుతున్నాడు. "ఈసారన్నా ఆ అమ్మగారు మామూలుగా ఉంటే బాగుండమ్మా. పోయినసారి చూసి భయమేసింది నాకు" అన్నాడు.

"ఏం చూశావు?"

"పెళ్ళయ్యేదాకా చెప్పొద్దన్నారు. అయిపోయిందిగా, చెప్తా. మిట్టమధ్యాహ్నం, కట్టుకున్న చీరతోనే నిలువునా తడిసిపోయి వాకిట్లో నించోనున్నారమ్మా. జుట్టమ్మట నీళ్ళు కారతన్నాయి. నేను దగ్గరికెళ్ళబోతే 'రాకు బెన్నీ, అక్కడే ఉండు' అన్నారు. బండిని తను ముట్టుకోలా. పక్కింటామె చేత పసుపునీళ్ళు తెప్పించి, నాతోనే దానిమీద చల్లించారు. పెళ్ళింటికి పోయే బండి కదా, పూజేమో అనుకున్నా. మా ఇళ్ళల్లో ఇయ్యన్నీ ఉండవు, మాకేం తెలుసు?"

బెన్నికి తెలియకపోవచ్చు. బాలామణికి తెలుసు. చావు కబురు చెవినపడగానే కట్టుబట్టలతో తలమీద నీళ్ళు పోసుకుంటారు. అదిగో, ఆ క్షణం నుంచీ ఇంటికి మైల. ఆ ఇంట్లోంచి పెళ్ళింటికి బెల్లంముక్క కాదు, గడ్డిపరకైనా పంపకూడదు. గడప తొక్కకూడదు. పెళ్ళింట చావు మాట ఎత్తనే కూడదు.

"ఏడ్చిందా?" అంది బాలామణి.

"ఏమో అమ్మా. మొహమంతా నీళ్ళేగా."

బాలామణి భర్త వైపు తిరిగింది. ఆయన తల వంచుకున్నాడు. అప్పుడర్థమైంది ఆవిడకి.

"మీకు తెలుసు. ఎవరండీ? ప్రసాద్ అన్నయ్యగారా?"

"కాదు" అన్నాడు కోటిలింగం. "సతీషు. ఆఫీసుకెళ్తూ మెట్ల మీద కూలబడ్డాడట. గుండె. ఆ సాయంత్రం ప్రసాద్ నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. పదహారు రోజుల పండగ అయ్యేదాకా నీకు చెప్పొద్దని భారతమ్మ ఒట్టు పెట్టించుకుంది. పసుపుబట్టలతో పిల్ల ఇంట్లో తిరుగుతుంటే ఎలా చెప్పనే నేను? ఇవాళ చెబుదామనే..."

వాడికేం పొయ్యేకాలమండీ! తను అన్న మాటే. తలంబ్రాల వేళ, అక్షింతలు చేతిలో పెట్టుకుని అన్న మాట. బాలామణి నోరు కొంగుతో నొక్కేసుకుని అరుగు మీద కూలబడింది. జామకాయ కోసం బుట్టలో చెయ్యిపెట్టే పిల్లాడు. వాణ్ణి పెంచిన తల్లి తడిచీరతో నిలబడి, "పిల్లని నా బదులు దీవించు" అని అడిగితే తనేం జవాబిచ్చింది? ఈ నోరుందే, దీన్ని కాల్చెయ్యాలి.

"నేను బతికుండి ఏం లాభమండీ" అంది.

"అవన్నీ తర్వాత. ముందు వెళ్ళు" అన్నాడు కోటిలింగం. "సాయంత్రం కొట్టు కట్టేసి నేనూ వస్తా. ముందు మీ ఇద్దరూ కూర్చుని ఏడవాలి."

బెన్ని బండి దింపబోతుంటే ఆవిడ వారించింది. "ఉండనీ" అని వెళ్ళి ముందు సీట్లో అతని పక్కన కూర్చుంది. చిల్లకల్లు దాటి ఆటో హైవే ఎక్కింది. వెనకాల బండి చక్రం ఒకటి గాలికి తిరుగుతూ కీచుకీచుమంటోంది. ఆవిడ వెనక్కి తిరిగి చూళ్ళేకపోయింది.

నందిగామ సెంటర్లో ఆటో ఆగింది. రోడ్డు పక్కన తట్టలో జామకాయలు, దోరవి. బాలామణి చెయ్యి అలవాటుగా సంచిలోకి పోయి ఆగింది. పరామర్శకి వెళ్ళేవాళ్ళు వట్టిచేతుల్తోనే వెళ్ళాలి. పళ్ళు కాదు, పూలు కాదు, ఏమీ పట్టుకెళ్ళకూడదు. "పోనీ బెన్నీ" అంది.

భారతీదేవి వసారాలో స్టూలు మీద కూర్చుని ఉంది. మనిషి సగమైంది. ఆటో లోంచి ముందు బండి దిగింది, తర్వాత బాలామణి దిగింది. భారతీదేవి బండినే చూసింది. దాంట్లో ఏమీ లేదు.

"ఖాళీగా తెచ్చావా బాలా" అంది మెల్లిగా.

"ఆ. ఖాళీగానే తెచ్చా" అంది బాలామణి. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఏడ్చారు. లోపల్నుంచి వచ్చిన భవానీప్రసాద్ గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

కాస్త తేరుకున్నాక బాలామణే ఎత్తింది. "నన్ను కొట్టు. చెప్పుచ్చుకు కొట్టు. ఎన్నెన్ని మాటలన్నానే!"

"నువ్వు తిడితే పులిహోర తెస్తావుగా. దానికోసం చూస్తున్నా ఇన్నాళ్ళూ" అంది భారతీదేవి. ఏడుస్తున్న మొహంలో ఓ పక్క నవ్వులాంటిది కదిలింది. "నువ్వలా అరిచావు కాబట్టి ఫోన్ పెట్టేశా బాలా. మంచిగా ఒక్క మాటన్నా ఉంటే ఆపుకోలేకపోయేదాన్ని. పెళ్ళింట్లో చెప్పేసేదాన్ని."

సాయంత్రం దాకా వాడి కబుర్లే. వాడు పాలసీసా దాచుకున్న సంగతి, చక్రాలు పీకినప్పుడు చేసిన రభస. మాట్లాడుతూ మాట్లాడుతూ భారతీదేవి బండి దగ్గర నేలమీద చతికిలబడి, చక్రాన్ని చేత్తో మెల్లిగా తిప్పింది. అది కీచుమంది. "నూనె పెట్టవే దీనికి?" అంది.

"పెట్టను. వాడే వద్దన్నాడు. చప్పుడు లేకపోతే అద్దె వసూలుకి ఎలా రావాలి అన్నాడు."

భారతీదేవి చక్రం మీద నుదురు ఆనించుకుంది. బాలామణి ఆమె వీపు రాస్తూ కూర్చుంది.

చీకటిపడే వేళకి కోటిలింగం వచ్చాడు, ప్రసాద్ పక్కన కూర్చుని లేచాడు. బయల్దేరాలి. బాలామణి గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఏ ఇంటి నుంచి కదిలినా "వెళ్ళొస్తా" అనడం అలవాటు. పరామర్శకొచ్చిన ఇంట్లో ఆ మాట అనకూడదు. మళ్ళీ ఇలాంటి పనిమీదే రావాల్సొస్తుందని భయం. చెప్పకుండా దిగిపోవాలి. అందరూ అంతే చేస్తారు. కోటిలింగం అలాగే దిగి, బయట ఆగి ఉన్న బెన్ని ఆటో వైపు నడిచాడు. ఆవిడకి మాత్రం కాళ్ళాడలేదు. ఇన్నాళ్ళూ మాట్లాడకుండా ఉండి, ఇప్పుడూ మాట్లాడకుండా ఎలా వెళ్ళడం?

వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. ఆటో ఎక్కింది.

"బాలా! బండి మర్చిపోయావే!" భారతీదేవి వసారాలోంచి కేకేసింది.

"మర్చిపోలేదు" అంది బాలామణి. "నువ్వే తెచ్చివ్వు."

"నేను తేవాలంటే ఖాళీగా తేలేనుగా, నీ ఆచారం ఒకటుందిగా!"

"అందుకే వదిలేశా."

ఆటో మలుపు తిరిగేదాకా భారతీదేవి వసారాలో అలాగే నిలబడింది, ఒక చెయ్యి బండి కడ్డీ మీద వేసి. పేట చేరేదాకా బాలామణి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ఆ తర్వాత ఒక పొద్దున్న, బాలామణి ఇంకా మార్కెట్‌కి బయల్దేరకముందే, వీధి చివర కీచుకీచుమని చప్పుడు వినపడింది. వాకిట్లో ముగ్గేస్తున్న ఆవిడ చేతిలో ముగ్గు చిప్ప అలాగే పట్టుకుని పరుగెత్తింది. పొద్దుటి బస్సు దిగి వచ్చిందల్లే ఉంది, భారతీదేవి ఆయాసపడుతూ బండి లాక్కొస్తోంది. బండి నిండా దోర జామకాయలు.